మూడో పెడల్: ఒక ఎంజీబీ జీటీని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చిన వైనం

ఈ కారు దేనివల్ల అరుదైనదో, సరిగ్గా దాన్నే విప్పి పక్కన పెట్టమని యజమాని నా దగ్గరికి వచ్చారు. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లకు లోకంలో కొదవ లేదు. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లాండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో వచ్చినవి మాత్రం రెండు వేలు కూడా ఉండవు. 1967 చివర్లో దాని రెండో రూపం, మార్క్ 2, వచ్చినప్పుడు బోర్గ్ వార్నర్ 35 అనే మూడు గేర్ల ఆటోమేటిక్‌ను కూడా కోరుకున్నవారికి ఇచ్చారు. స్పోర్ట్స్ కారు కొనేవాడు గేరు రాడ్డు వద్దంటాడా? పెద్దగా ఎవరూ అడగలేదు. 1973లో దాన్ని ఆపేశారు. అలా మిగిలిన కొద్ది వాటిలో ఒకటి, 1970 నాటి ముదురాకుపచ్చ జీటీ (గట్టి పైకప్పు ఉన్న రకం), లారీ మీద నల్లగొండలోని మా షెడ్డుకు వచ్చింది.

యజమాని నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద ఉద్యోగ జీవితమంతా గడిపిన ఇంజనీరు. ఇప్పుడు రిటైరయ్యారు. కారు వాళ్ళ నాన్నగారిది. విదేశీ దౌత్య కార్యాలయాల కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మే రోజుల్లో ఢిల్లీ నుంచి కొని తెచ్చారట. తరువాత యజమాని అయిన మా పెద్దాయన దాన్ని నడిపినంతకాలం నడిపి, గేరు జారడం మొదలయ్యాక గుడ్డ కప్పి పక్కన పెట్టేశారు.

నా దగ్గరికి ఎందుకంటే, అంబాసిడర్ వల్ల. అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు తిరిగిన 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజను ఒక తల్లి బిడ్డలే. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్. పిస్టన్ నడక రెండింటిలోనూ 88.9 మిల్లీమీటర్లే. బోరు, అంటే సిలిండర్ వ్యాసం, అంబాసిడర్‌లో 73, ఎంజీబీలో 80.26. క్రాంక్ షాఫ్టును మోసే మెయిన్ బేరింగులు మనదానికి మూడు, ఈ కారుకు ఐదు. చిన్నప్పుడు మా ఉస్తాద్ దగ్గర ట్యాపెట్లు సరిచేస్తూ నేర్చుకున్న చప్పుడే ఈ పచ్చ కారు బానెట్ కింద వినిపించింది. ఇంజను విషయంలో నాకు బెరుకు లేదు. దాని వెనుక తగిలించి ఉన్న పెట్టె, అంటే ఆ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, గురించి మాత్రం పుస్తకంలో చదివిందే తప్ప చేత్తో విప్పింది లేదు. ఈ మాట మొదటి రోజే పెద్దాయనకు చెప్పాను.

రోగం ఏమిటి?

మార్పిడి మాట తరువాత, ముందు ఉన్నదాన్ని బాగుచేయగలమా అని చూడాలి. ఆటోమేటిక్ చెడిపోయిందని వచ్చిన బండిలో సగంసార్లు చెడేది గేర్‌బాక్స్ కాదు. కార్బ్యురేటర్ దగ్గర నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్ళే కిక్‌డౌన్ కేబులు సరిగ్గా లేకపోయినా గేరు మారడం ఆలస్యమవుతుంది, మారినప్పుడు జారుతుంది. కేబులు సరిచూశాం. నూనె మట్టం చూశాం. డిప్‌స్టిక్ తీయగానే మాడిన వాసన ముక్కుకు తగిలింది. ఎర్రగా ఉండాల్సిన నూనె కాఫీ డికాక్షన్‌లా ఉంది.

తరువాత స్టాల్ పరీక్ష. బ్రేకు గట్టిగా తొక్కి, డ్రైవ్‌లో పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఇంజను ఎంత వేగం దగ్గర ఆగుతుందో చూడటం. పది సెకన్లకు మించి చేయకూడదు, చేస్తే నూనె ఉడికిపోతుంది. రిపేరు పుస్తకం చెప్పిన వేగం దగ్గర ఆగకుండా సూది పైపైకి పోయింది. అంటే లోపలి క్లచ్చులు పట్టడం లేదు. అడుగు పళ్ళెం దించితే రాపిడి పలకల నల్లటి పొడి, మధ్యలో ఇత్తడి రంగు మెరుపులు. అనుమానానికి తావు లేదు.

బాగుచేయించే దారి మూసుకుపోయిందని అనను. ఇంగ్లాండులో ఈ పెట్టెను తిరగకట్టేవారు ఉన్నారు. కానీ పెట్టెను అక్కడికి పంపాలి, మళ్ళీ తెప్పించాలి. తెప్పించాక ఇక్కడ చిన్న తేడా వచ్చినా సరిచేసే చెయ్యి జిల్లాలో లేదు. పైగా పెద్దాయన మనసు ఎప్పుడో మారిపోయింది. "నలభై ఏళ్ళుగా ఎడమ కాలికి పని లేకుండా కూర్చున్నాను. మోకాళ్ళు బాగున్నన్నాళ్ళయినా గేర్లు మార్చుకుంటూ నడపనివ్వండి" అన్నారు.

"సార్, ఆటోమేటిక్ కాబట్టే దీనికి విలువ. తీసేస్తే ఐదు లక్షల కార్లలో ఇదీ ఒకటవుతుంది" అన్నాను.

"నేను దీన్ని అద్దాల పెట్టెలో పెట్టడం లేదు కదా" అన్నారు.

అక్కడే ఒక ఒప్పందం చేసుకున్నాం. కారు శరీరం మీద కొత్త రంధ్రం పడదు, ఒక్క చోట కోత ఉండదు, వెల్డింగు ఉండదు. విప్పిన ప్రతి ముక్క చీటీతో ఒక చెక్క పెట్టెలోకి వెళ్తుంది. రేపు మనవడు ఆటోమేటిక్ కావాలంటే స్పానర్లతోనే వెనక్కి వెళ్ళగలగాలి.

ఇది నా చాదస్తం మాత్రమే కాదు. యాభై ఏళ్ళు దాటిన వాహనాలకు కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధన ఉంది. నంబరు మధ్యలో వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ చెల్లుబాటు. ఛాసిస్, బాడీ, ఇంజనులలో మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉండాలన్నది షరతు. పెద్దాయన ఆ నంబరు కోసం దరఖాస్తు చేసుకునే ఆలోచనలో ఉన్నారు. అదే సంవత్సరంలో అదే కర్మాగారం అదే బాడీకి బిగించిన మాన్యువల్ గేర్‌బాక్స్‌ను, ఏమీ కోయకుండా బిగిస్తే మూలానికి దగ్గరగానే ఉంటామని నా అభిప్రాయం. టన్నెల్ (గేర్‌బాక్స్ మీద ఉబ్బెత్తుగా ఉండే కారు నేల) కోసి, బ్రాకెట్లు అతికించి కొత్త జపాను పెట్టె కూర్చోబెడితే ఆ మాట అనలేను.

ఏ గేర్‌బాక్స్?

వార్త తెలిసిన ప్రతి మిస్త్రీ ఒక సలహా ఇచ్చాడు. మొదటిది అంబాసిడర్ పెట్టె. ఇంజన్లు ఒకే కుటుంబం కదా అని. ఆ పెట్టె స్టీరింగ్ పక్కన ఉండే గేరు కర్ర కోసం పుట్టింది, మొదటి గేరుకు సింక్రో (గేరు గరగరలాడకుండా పడేలా చేసే ఏర్పాటు) లేదు, దాని పళ్ళు అంత చిన్న ఇంజను బలానికి సరిపోయేంతే. స్పోర్ట్స్ కారుకు బిగిస్తే అవమానం ఇద్దరికీ. రెండోది కాంటెస్సా క్లాసిక్‌లో వచ్చిన ఇసుజు ఐదు గేర్ల పెట్టె. బలమైనదే, ముక్కలూ దొరుకుతాయి. కానీ బి-సిరీస్ ఇంజనుకు తగిలించాలంటే మధ్యలో అడాప్టర్ పలక తయారు చేయాలి, కింద మౌంటింగు కొత్తగా అతకాలి. విదేశాల్లో చాలామంది ఫోర్డ్ సియెరా వాడిన టైప్ 9 ఐదు గేర్ల పెట్టెను ఎంజీబీలో పెడతారు. దానికి రెడీమేడ్ సామాను కూడా దొరుకుతుంది. మా ఒప్పందానికి అదీ కుదరదు.

మిగిలింది ఎంజీబీ సొంత పెట్టె. మార్క్ 2తోనే అన్ని ముందు గేర్లకూ సింక్రో ఉన్న నాలుగు గేర్ల పెట్టె వచ్చింది. దానికోసమూ ఆటోమేటిక్ కోసమూ కలిపి అప్పుడే టన్నెల్‌ను వెడల్పు చేశారు. అంటే ఈ కారు బాడీలో మాన్యువల్‌కు చోటు పుట్టుకతోనే ఉంది. వెనుక యాక్సిల్ నిష్పత్తి కూడా రెండింటికీ 3.909. దాన్ని ముట్టుకునే పని లేదు.

ముంబైలో విప్పేసిన ఒక ఎంజీబీ నుంచి లేకాక్ ఓవర్‌డ్రైవ్ ఉన్న పెట్టె, ఫ్లైవీల్, ఇంజనుకూ పెట్టెకూ మధ్య ఉండే వెనుక పలక, పెడల్ బాక్స్, గేర్‌బాక్స్ కింది అడ్డ దూలం దొరికాయి. క్లచ్ సెట్టు, సింక్రో రింగులు, బేరింగులు, సీళ్ళు ఇంగ్లాండు నుంచి పార్సిల్లో వచ్చాయి. ఓవర్‌డ్రైవ్ గురించి ఒక్క లెక్క చెప్పాలి. నాలుగో గేరులో ఈ కారు ఇంజను వెయ్యి చుట్లకు గంటకు 28.8 కిలోమీటర్లు వెళ్తుంది. వంద వేగంలో ఇంజను దాదాపు 3,470 చుట్లు తిరుగుతూ ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ నిష్పత్తి 0.82. మీట నొక్కగానే అదే వంద వేగానికి 2,850 చాలు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లి దాటాక ఈ తేడా చెవులకూ తెలుస్తుంది, పెట్రోలు బంకులోనూ తెలుస్తుంది.

విప్పడం

ఈ కారులో గేర్‌బాక్స్ ఒక్కదాన్ని కిందికి దించడం కుదరదు. ఇంజను, పెట్టె కలిపే పైకి రావాలి. బానెట్ తీసి, రేడియేటర్ తీసి, గొలుసుతో ముందు వైపు ఎత్తి, తోక కిందికి వాల్చి, బావిలోంచి దూడను లాగినట్టు లాగాలి. ఆటోమేటిక్ పెట్టె బరువుకు తోక ఇంకా కిందికి కూలింది. టన్నెల్ అంచులకు పాత కంబళి కట్టి ఉంచడం వల్ల పెయింటు బతికింది. ఆటోమేటిక్‌లో క్లచ్ స్థానంలో ఉండే టార్క్ కన్వర్టర్‌ను పెట్టెతో పాటే ఉంచి కదలకుండా ఒక పట్టీ బిగించాం. అది జారి పడితే ముందున్న పంపు పళ్ళు పాడవుతాయి. ఇది పుస్తకం చెప్పిన జాగ్రత్త, పాటించాను.

ఇంజను నంబరు పలక మీద 18జీడీ పక్కన ఆర్‌సీ అన్న అక్షరాలున్నాయి. ఆటోమేటిక్ ఇంజనుకు కర్మాగారం పెట్టిన గుర్తు అది. పలకను అలాగే ఉంచాం. గేరు రాడ్డు చూసి, ఆ పలక చూసి తెలిసినవాడు ఎవరైనా కనుబొమ్మలెత్తితే ఎత్తనీ. మార్చిన కారు మార్చినట్టు కనబడటంలో తప్పు లేదు, దాచడంలోనే ఉంది.

వేలెడంత బుష్

మాన్యువల్ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు, క్రాంక్ షాఫ్ట్ చివర ఉన్న రంధ్రంలో ఒక చిన్న కంచు బుష్ మీద ఆనుతుంది. దీన్నే పైలట్ బుష్ అంటాం. క్లచ్ తొక్కినప్పుడు క్రాంక్ తిరుగుతూ ఉంటుంది, షాఫ్ట్ ఆగిపోవాలి. రెండింటి మధ్య ఉన్నది ఈ బుష్ ఒక్కటే. ఆటోమేటిక్‌కు దీని అవసరం లేదు. అందుకే ఆటోమేటిక్ నుంచి మారేవాళ్ళు ఏ కారులోనైనా మొదట చూడాల్సింది క్రాంక్ చివరి రంధ్రాన్నే.

పార్సిల్లో వచ్చిన బుష్ ఈ క్రాంక్ రంధ్రంలో వదులుగా ఆడింది. రంధ్రాన్ని మూడు చోట్ల కొలిచాను. కొత్త బుష్ తయారు చేయాలి, వేరే మార్గం లేదు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల షాఫ్టులు, బుష్‌లు తిప్పే లేత్ మిస్త్రీలకు లోటు లేదు. అందులో నాకు నమ్మకమైన ఒకాయన దగ్గరికి వెళ్ళాను. "గన్ మెటల్‌లో తిప్పి ఇస్తాను అన్నా, మిల్లులో పదేళ్ళు నడుస్తుంది" అన్నాడు. మిల్లులో గ్రీజు పెట్టే దారి ఉంటుంది. ఇక్కడ ఒకసారి మూసేశాక ఇంజను దించితే తప్ప చెయ్యి దూరదు. అందుకని నూనె పీల్చుకుని ఉండే సింటర్డ్ కంచు బుష్ కాస్త పెద్దది తెచ్చి, బయటి వైపు మాత్రమే తిప్పమన్నాను. లోపలి వైపు కోస్తే నూనె ఊరే సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోతాయి. పదునైన టూలుతో పొడిగానే కోశాడు. పనితనం అద్దంలా ఉంది. రాత్రంతా ఇంజను నూనెలో నానబెట్టి, మరునాడు నొక్కి కూర్చోబెట్టాం.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఏం తప్పో అప్పుడు తెలియలేదు.

ఫ్లైవీల్ బిగించాం. క్లచ్ ప్లేటును మధ్యకు తెచ్చేందుకు మా షెడ్డులో ఎప్పుడో టేకు చెక్కతో తిప్పించిన కడ్డీ ఒకటి ఉంది, దాన్నే వాడాం. ప్రెజర్ ప్లేటు బిగించి గేర్‌బాక్స్ తగిలించబోతే చివరి అర అంగుళం దగ్గర మొండికేసింది. రెండుసార్లు వెనక్కి లాగి మళ్ళీ పెట్టాం. చివరికి "బోల్టులు బిగిస్తే అదే వస్తుంది" అని నేనే అన్నాను. వచ్చింది. బోల్టుతో లాగి కూర్చోబెట్టిన గేర్‌బాక్స్ ఎప్పుడూ ఏదో ఒకటి దాస్తుందని మా ఉస్తాద్ వందసార్లు చెప్పిన మాట, నోట్లో ఉంది కానీ చేతిలోకి రాలేదు.

మధ్యలో జరిగిన పనులు

పెడల్ బాక్స్ మార్పు సులువు. ఆటోమేటిక్‌లో వెడల్పాటి బ్రేకు పెడల్ ఒక్కటే ఉంటుంది. దాన్ని బోల్టులతో సహా విప్పి, క్లచ్, బ్రేకు రెండూ ఉన్న బాక్సును అదే చోట బిగించాం. క్లచ్ మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్, మధ్య పైపు, రబ్బరు గొట్టం అన్నీ కొత్తవి. సెలెక్టర్ (ఆటోమేటిక్ గేరు మీట) తీసిన చోట గేరు రాడ్డు బయటికి రావడానికి ఒక ఇనుప పలక చేసి, పాత మరల రంధ్రాలకే బిగించాను.

గేర్‌బాక్స్ నుంచి వెనుక యాక్సిల్‌కు బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర మా కుర్రాడు తొందరపడ్డాడు. ఆటోమేటిక్ షాఫ్ట్ పొడవు కొత్త పెట్టెకు సరిపోలేదు. "కోసి అతికిస్తే అయిపోతుంది కదా అన్నా" అన్నాడు. ఆ షాఫ్ట్ ఈ కారుతో పుట్టింది. అది చెక్క పెట్టెలోకి వెళ్తుంది, కత్తి కిందికి కాదు. కారును నాలుగు చక్రాల మీద నిలబెట్టి, వెనుక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి, యాక్సిల్ తన బరువులో తాను ఉన్నప్పుడు ఫ్లాంజి నుంచి ఫ్లాంజికి కొలిచాం. జాకీ మీద వేలాడే యాక్సిల్‌కు కొలత తీసుకోవడం అందరూ చేసే పొరపాటు. జారే స్ప్లైను సగం లోపల, సగం బయట ఉండేలా లెక్క వేసి హైదరాబాద్‌లో కొత్త షాఫ్ట్ చేయించి, బ్యాలెన్స్ చేయించి తెచ్చాం.

వైరింగులో రెండే సంగతులు. ఆటోమేటిక్ పెట్టె మీద పార్కు, న్యూట్రల్‌లలో తప్ప స్టార్టరు తిరగనివ్వని స్విచ్చు ఉంటుంది. పెట్టె తీసేస్తే స్టార్టరుకు దారి తెగుతుంది. దాని రెండు తీగలను కోయకుండా, ప్లగ్గు దగ్గరే చిన్న తీగతో కలిపాను. రివర్స్ లైటు తీగలను కొత్త పెట్టె స్విచ్చుకు పొడిగించాను. ఓవర్‌డ్రైవ్‌కు పెట్టె మీదే ఇంకో స్విచ్చు ఉంది. మూడు, నాలుగు గేర్లలో తప్ప అది కరెంటు పోనివ్వదు. ఓవర్‌డ్రైవ్ పట్టి ఉండగా రివర్స్ వేస్తే లోపలి ఒకవైపు క్లచ్ పగిలిపోతుంది కాబట్టి ఈ స్విచ్చును దాటవేసే తెలివితేటలు ఎవరూ చూపకూడదు.

నూనె గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. గేర్‌బాక్స్ అనగానే 90 నంబరు గేర్ ఆయిల్ పోయడం మనవాళ్ళకు చేతి అలవాటు. ఎంజీబీ పెట్టె తాగేది ఇంజను నూనె, 20డబ్ల్యూ-50. ఓవర్‌డ్రైవ్ కూడా అదే నూనెను పంచుకుంటుంది. మొత్తం దాదాపు 3.4 లీటర్లు. గేర్ ఆయిల్‌లోని రసాయనాలు కంచు సింక్రో రింగులకు మంచివి కావు, ఓవర్‌డ్రైవ్‌కు అంతకన్నా కావు. ఫిల్లర్ మూత దగ్గర పెయింటుతో తెలుగులోనే రాశాను: ఇంజను నూనె మాత్రమే.

స్టార్టయింది, గేరు పడలేదు

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. క్లచ్ తొక్కి రివర్స్ వేశాను. ఇనుప రేకు మీద గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు. మొదటి గేరు కొద్దిగా నయం, కానీ క్లచ్ పూర్తిగా తొక్కి ఉండగానే కారు ముందుకు పాకుతోంది. ఆటోమేటిక్ పోయినా పాకడం పోలేదని మా కుర్రాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

క్లచ్ విడవకపోతే ఎవరైనా ముందు క్లచ్ పైపులో చేరిన గాలినే అనుమానిస్తారు. గాలి తీశాం, మళ్ళీ తీశాం. స్లేవ్ కడ్డీ నడక కొలిచాం, సరిపడా ఉంది. రబ్బరు గొట్టం ఉబ్బుతోందేమో అని మార్చాం. క్లచ్ ప్లేటు తిరగేసి బిగించామా అని ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం, బిగించేటప్పుడు తీసిన ఫొటోలో సరిగ్గానే ఉంది. వెనుక చక్రాలు గాల్లోకి ఎత్తి, గేరులో పెట్టి, క్లచ్ తొక్కి చూస్తే చక్రాలు నెమ్మదిగా తిరుగుతూనే ఉన్నాయి, చేత్తో పట్టుకుంటే ఆగుతున్నాయి. ఇలా నాలుగు రోజులు పోయాయి.

ఐదో రోజు పెద్దాయన వచ్చారు. అంతా విని ఒకటే అడిగారు. "ఆ బుష్‌ను నొక్కాక లోపలి వ్యాసం కొలిచారా?"

కొలవలేదు. నొక్కక ముందు కొలిచాను.

కాలువ తలుపుల కీళ్ళలో బుష్‌లు బిగించడం చూసిన మనిషి కాబట్టి ఆయనకు తట్టింది. గట్టిగా పట్టాలని బయటి వ్యాసాన్ని రంధ్రం కంటే ఎంత ఎక్కువ ఉంచుతామో, నొక్కినప్పుడు బుష్ లోపలి వ్యాసం దాదాపు అంత మేర కుంచించుకుపోతుంది. నేను బయట మిల్లీమీటరులో ఆరు వందో వంతులు బిగువు ఇచ్చాను. లోపల షాఫ్టుకు ఉంచిన సందు ఐదు వందో వంతులు. కూడిక, తీసివేత వచ్చిన పిల్లవాడు చెప్పగలడు మిగిలేది ఏమిటో. షాఫ్ట్ ముక్కు బుష్‌లో తిరగడానికి బదులు బుష్ దాన్ని పట్టుకుని తనతో తిప్పుతోంది. క్లచ్ విడిచినా ప్రయోజనం ఏముంది? చెక్క కడ్డీ దీన్ని ఎందుకు పట్టివ్వలేదంటే, అది ఏళ్ళ తరబడి అరిగి సన్నబడింది. అసలు ఇన్‌పుట్ షాఫ్ట్‌ను పెట్టి చూసి ఉంటే బెంచీ మీదే తెలిసేది. తెలియజెప్పడానికి గేర్‌బాక్స్ తన వంతు ప్రయత్నం తాను చేసింది, అర అంగుళం దగ్గర ఆగి.

మళ్ళీ బానెట్, మళ్ళీ రేడియేటర్, మళ్ళీ గొలుసు. బుష్‌ను బయటికి తీయడానికి పుల్లర్ అక్కర్లేదు. లోపల గ్రీజు నింపి, రంధ్రానికి సరిగ్గా సరిపోయే కడ్డీ పెట్టి సుత్తితో కొడితే గ్రీజు వెనక నుంచి తోసి దాన్ని బయటికి పంపిస్తుంది. వచ్చిన బుష్ లోపలి గోడ ఒక పక్క నీలిరంగు తేలింది. అదృష్టం కొద్దీ షాఫ్ట్ ముక్కుకు గీత పడలేదు. రెండో బుష్‌కు బయట రెండు వందో వంతుల బిగువే ఇచ్చాం, నొక్కాక కొలిచాం, షాఫ్ట్‌ను చేత్తో దూర్చి తిప్పాం. ఈసారి పెట్టె చేతుల బలంతోనే ఇంజనుకు ఆనుకుంది. బోల్టులు పట్టి ఉంచడానికే వాడాం.

ఈ తప్పుకు తొమ్మిది పని దినాలు పోయాయి. ఆ కూలీ బిల్లులో వేయలేదు. చెక్క కడ్డీ ఆ సాయంత్రమే పొయ్యిలోకి వెళ్ళింది.

రోడ్డు మీద

మొదట నార్కట్‌పల్లి దాకా వెళ్ళివచ్చి నట్లన్నీ సరిచూశాం. తరువాత దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం దారి పట్టాం. మన్ననూరు దగ్గర అటవీ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరాం. డిండి వరకు రోడ్డు తిన్నగా ఉంటుంది, అక్కడ ఓవర్‌డ్రైవ్ పని చూశాం. మీట నొక్కాక ఒక్క క్షణం ఆలోచించి పట్టుకుంటోంది, నూనె వేడెక్కాక ఆ ఆలోచన కాస్త పెరుగుతోంది. దాన్ని కరెంటుతో పట్టించే సొలినాయిడ్ అమరికలో ఇంకా సవరణ ఉంది.

దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపుల్లో పెద్దాయన స్టీరింగు తీసుకున్నారు. రెండో గేరు 2.167, మూడోది 1.382. దిగుడులో రెండో గేరు వేసి కాలు తీస్తే ఇంజనే బండిని పట్టి ఆపుతోంది, బ్రేకుల వాసన రాలేదు. ఎక్కేటప్పుడు మాత్రం ఆయన ఒక మాట అన్నారు: "నిలబడ్డ చోటు నుంచి లేవడంలో పాతదే సుఖంగా ఉండేది." అది భ్రమ కాదు. ఆటోమేటిక్ మొదటి గేరు 2.39 మాత్రమే అయినా, బండి కదిలే క్షణంలో టార్క్ కన్వర్టర్ ఇంజను బలాన్ని దాదాపు రెట్టింపు చేసి ఇస్తుంది. మాన్యువల్ మొదటి గేరు 3.44, దానికి తోడు ఎవరూ లేరు, ఎడమ కాలు తప్ప. మాన్యువల్‌కు మారితే అన్నీ మెరుగవుతాయని చెప్పేవాళ్ళు ఈ లెక్క చెప్పరు.

స్పీడోమీటరు ఎక్కువ చూపుతోంది. అది 80 అంటే ఫోను 75 అంటోంది. పాత స్మిత్స్ డయళ్ళ మీద అడుగున చిన్న అంకె ఉంటుంది, మైలుకు కేబులు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేది. కేబులు చివర అట్టముక్క సూది గుచ్చి, కారును 16.1 మీటర్లు, అంటే మైలులో వందో వంతు, తోసి చుట్లు లెక్కపెట్టాం. వందతో గుణిస్తే వచ్చిన అంకె డయల్ మీద ఉన్నదానికంటే ఎక్కువ. డయల్‌ను తిరిగి అమరిస్తే సరిపోతుంది. కానీ అది కారుతో వచ్చిన డయల్. ఇంకొకటి దొరికితే అమరుద్దామని, అప్పటిదాకా అద్దం పక్కన చీటీ అంటించుకుంటానని పెద్దాయన అన్నారు.

పెట్టె

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోని మాడిన నూనె తీసేసి, టైప్ ఎఫ్ అనే ఆటోమేటిక్ నూనెతో కడిగి, రంధ్రాలన్నీ మూతలు బిగించి, కన్వర్టర్‌తో సహా చెక్క పెట్టెలో పెట్టాం. సెలెక్టర్, వెడల్పాటి బ్రేకు పెడల్, కిక్‌డౌన్ కేబులు, ఫ్లెక్స్ ప్లేటు, వెనుక పలక, ప్రొపెల్లర్ షాఫ్ట్, అడ్డ దూలం, బోల్టులు సంచుల వారీగా. మొత్తం 61 చీటీలు. జాబితా రెండు ప్రతులు, ఒకటి కారు కాగితాలతో, ఒకటి పెట్టె మూతకు లోపలి వైపు. ఎలుకల భయానికి పెట్టెను ఇటుకల మీద ఎత్తి, వాళ్ళింటి ధాన్యం గదికి దూరంగా పెట్టించాను.

కారు ఇప్పటికి 1,400 కిలోమీటర్లు తిరిగింది. వెనుక సీలు దగ్గర నూనె చెమ్మ కనిపిస్తోంది, చుక్కగా మారలేదు. క్లచ్ బాగా విడుస్తోంది. ఒక్క చికాకు పెద్దాయన పాదంతోనే. ఎడమ కాలికి ఇన్నేళ్ళు పని లేక, ఇప్పుడు పని దొరికిందని దాన్ని ఎప్పుడూ పెడల్ మీదే ఆనించి ఉంచుతున్నారు. క్లచ్‌ను నొక్కి విడిపించే ఈ కారు రిలీజ్ బేరింగులో గుండ్లు ఉండవు, కార్బన్ దిమ్మె ఉంటుంది. పాదం ఆనినంతసేపూ అది అరుగుతూనే ఉంటుంది. పోయినసారి వచ్చినప్పుడు పెడల్ పక్కన కార్పెట్ మీద ఒక టేకు చెక్క దిమ్మె పెట్టి, "సార్, కాలు ఇక్కడ" అని చూపించాను. తల ఊపారు. షెడ్డు గేటు దాటుతుండగానే బ్రేకు లైటు వెలిగింది, ఎడమ మోకాలు మాత్రం కదల్లేదు. వచ్చే సర్వీసుకు కార్బన్ ఎంత మిగిలిందో చూడాలి.